నాలుగు వందల పన్నెండు మంది సాక్షిగా కాలీఫ్లవర్

ఇద్దరు మనుషులు మనసు విప్పి మాట్లాడుకోవాలంటే వాళ్ల మధ్య కనీసం నాలుగు వందల మంది ఉండాలి. బాగా ఆలోచించే ఈ మాట అంటున్నాను. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే పాత పద్ధతి వల్ల ఎన్ని కొంపలు మునిగాయో మీకు తెలుసు. ఎదురుగా మనిషి ఉంటే మొహం చూడాలి. చెప్పింది వినాలి. మధ్యలో లేచి పోతే బాగుండదు. అదే ఫోన్‌లో గ్రూపైతే ఏ బాధా లేదు. దణ్ణం బొమ్మ ఒకటి పడేసి స్నానానికి పోవచ్చు.

అందుకే గ్రూపుల్ని ఆడిపోసుకునేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది. పొద్దున్న లేవగానే డెబ్బై మెసేజీలని విసుక్కుంటారు. ఆ డెబ్బై మెసేజీల అడుగున ఏ ఇంటి మంచిచెడ్డలు నడుస్తున్నాయో వాళ్లకేం తెలుసు? కావాలంటే మా మొక్కల గ్రూపులో ఉన్న కండక్టర్ గారి సంగతి చెబుతాను, వినండి.

కండక్టర్ గారు ముప్ఫై నాలుగేళ్లు సిటీ బస్సులో చేసి రిటైరైన మనిషి. మేడ మీద పోర్షన్‌లో ఆయనా, ఆయన భార్యా ఉంటారు. ఆవిడ టైలరు. ముందు గదిలో రెండు కుట్టుమిషన్లు, గోడకి టేపు, గుమ్మం దాకా గుడ్డముక్కలు. కింద పోర్షన్‌లో ఆయన వదినగారు. అన్నగారు పోయి మూడేళ్లయింది. ఆవిడ ప్రసూతి వార్డులో నర్సుగా చేసి, పుట్టినవాళ్లందరి చేతా మొదటి ఏడుపు ఏడిపించి, ఇప్పుడు తీరిగ్గా పెరట్లో మొక్కలు పెంచుకుంటోంది. పైకీ కిందకీ మధ్య పదకొండు మెట్లు.

రిటైరైన కొత్తలో కండక్టర్ గారు ఇంట్లో ఎక్కడ నిలబడినా అడ్డమే అయ్యారు. కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్లని గుమ్మంలో ఆపి, "లోపలికి జరగండమ్మా, లోపల ఖాళీ ఉంది" అనేవారు. వారం రోజులు చూసి టైలరు కత్తెర కింద పెట్టింది.

"ఏవండీ, మీకు పుణ్యముంటుంది. డాబా మీదికి పోయి ఏదన్నా పెంచండి."

"ఏం పెంచను?"

"ఏదైనా సరే. పైన మాత్రం ఉండండి."

వానలు వెనకబట్టిన రోజులవి. మంచు పడే దేశాల్లో ఆకులు రాలగానే తోట మూసేసి, లోపల కూర్చుని కిటికీలోంచి చూస్తారట. మాలాంటి వేడి ఊళ్లో తోట తెరిచేదే అప్పుడు. ఎండ కాస్త మెత్తబడుతుంది, పొద్దున్నపూట గాలికి చెయ్యి చల్లగా తగులుతుంది, అంతే. చలికాలమని పేరేగానీ దుప్పటి ఉతికి ఆరేసేలోపు అయిపోతుంది. క్యాబేజీ, ముల్లంగి, క్యారెట్, బంతి, అన్నీ ఆ కాస్త వ్యవధిలోనే బతకాలి. ఏడాదంతా మండే ఎండల్లో ఎవరికీ మొహం చూపించని కాలీఫ్లవర్ కూడా అప్పుడే వస్తుంది.

కండక్టర్ గారు కాలీఫ్లవర్ మీద మనసు పడ్డారు. పదహారు గ్రో బ్యాగులు తెచ్చి, రెండేసి చొప్పున వరసలు పెట్టి, మధ్యలో నడవడానికి దారి వదిలి, ఒక్కోదానికీ నంబరు రాశారు. పిట్టగోడ వైపున్నవి కిటికీ సీట్లు. ట్యాంకు దగ్గరి నాలుగూ ఆడవాళ్లవి. ఇక ఎలా పెంచాలన్నదే మిగిలింది. కింద పెరట్లో ముప్ఫై ఏళ్లుగా చలికాలపు కూరలు పండిస్తున్న మనిషి ఉంది కాబట్టి, ఆయన సహజంగానే ఫోన్ తీసి మా గ్రూపులో చేరారు.

మా గ్రూపు పేరు డాబా మొక్కల మిత్రమండలి. సభ్యులు నాలుగు వందల పన్నెండు మంది. అడ్మిన్ పళ్ల డాక్టరు. నియమాలు పద్నాలుగు, వాటిలో పదకొండు నియమాలు మిగతా మూడింటినీ ఎలా పాటించాలో చెబుతాయి.

కండక్టర్ గారు మొదటిరోజే అడిగారు: "కాలీఫ్లవర్ నారుకి రోజుకి ఎన్నిసార్లు నీళ్లు పోయాలి?"

పది నిమిషాల్లో ముప్ఫై ఏడు జవాబులొచ్చాయి. రెండుసార్లన్నారు. రెండ్రోజులకోసారన్నారు. నీళ్లు పోయకూడదు, చిలకరించాలన్నారు. చిలకరించకూడదు, ట్రే అడుగున పెట్టి పీల్చుకోనివ్వాలన్నారు. ఒకాయన తన మనవరాలు డాన్సు చేస్తున్న వీడియో పెట్టాడు. ఇంకొకావిడ వేరే గ్రూపులో పెట్టాల్సిన "వారి ఆత్మకు శాంతి కలగాలి" అన్న మెసేజి పొరపాటున ఇక్కడ పెట్టింది. దాని కింద ఇరవై ఆరు మంది చేతులు జోడించారు. ఎవరు పోయారని ఒక్కరూ అడగలేదు. మూడోరోజుకి నారు నిజంగానే పోయింది కాబట్టి, గ్రూపుకి ముందుచూపు లేదని ఎవరూ అనలేరు.

ఇంత సమాచారం ఒక్క మనిషి దగ్గర దొరుకుతుందా? కింద వదినగారిని అడిగి ఉంటే ఒకే ఒక్క జవాబు వచ్చేది. అది సరైనది కూడా అయి ఉండేది. అందులో ఏం ఎదుగుదల ఉంది?

అయినా ఆయన అడగలేదు. ఎందుకు అడగలేదో చెప్పాలంటే నిమ్మచెట్టు దగ్గరికి పోవాలి.

మెట్ల మొదట్లో అన్నగారు చేత్తో నాటిన నిమ్మచెట్టు ఉండేది. ఆయన పోయిన తొమ్మిదో నెలలో వదినగారు కూతురి పురుడికని పది రోజులు ఊరెళ్లింది. తిరిగొచ్చేసరికి చెట్టు లేదు. మోకాలెత్తు మొద్దు ఉంది. కండక్టర్ గారు మెట్ల మీదనుంచే, "నీడ పడి మెట్లకి పాకుడు పడుతోంది వదినా, కొట్టించేశాను" అన్నారు. ఆవిడ చేతిలో సంచి దించకుండా మొద్దు వంక కాసేపు చూసింది. "అడిగి కొట్టిస్తే ఏం పోయేది?" అంది. లోపలికెళ్లి తలుపేసుకుంది.

అంతే. అరవలేదు, ఏడవలేదు, బంధువులకి ఫోన్లు చేయలేదు. రెండేళ్ల మూడు నెలలపాటు మరిదితో మాట్లాడలేదు. తోడికోడళ్లిద్దరూ మాత్రం మామూలుగానే ఉన్నారు. కూర గిన్నెలు పైకీ కిందకీ తిరిగేవి. దారపు ఉండలు కిందకి దొర్లితే వదినగారే ఏరి పైకి పంపేది. ఒకసారి కండక్టర్ గారు, "మా వదినతో ఒక మాట చెప్పు" అని మొదలెట్టబోతే టైలరు నోట్లో గుండుసూదులు తీసి మరీ చెప్పింది.

"నేను మీ ఇద్దరి మధ్య పోస్ట్‌మాన్ పని చేయను. అక్క కిందే ఉంది. మెట్లున్నాయి. కాళ్లున్నాయి."

అయితే ఆ మహాతల్లి ఒక పని చేసింది. వదినగారి నంబరు పళ్ల డాక్టరుకి ఇచ్చి గ్రూపులో చేర్పించింది.

చచ్చిన నారు ఫొటో కండక్టర్ గారు గ్రూపులో పెట్టిన రోజున, డెబ్బై మంది సానుభూతి మధ్యలోంచి ఒక కొత్త నంబరు నుంచి మెసేజి వచ్చింది. "మొదలు దగ్గర కుళ్లింది. నీళ్లెక్కువ. మట్టి పైపైన ఆరాకే పోయాలి. ఈసారి విత్తనం ఒత్తుగా చల్లొద్దు." నంబరు పక్కన గుండ్రంగా చిన్న బొమ్మ. కాయలతో ఉన్న నిమ్మచెట్టు.

కండక్టర్ గారు ఆ బొమ్మని పెద్దది చేసి చూశారు. చెట్టు వెనకాల తమ మెట్లే ఉన్నాయి. ఫోన్ జేబులో పెట్టేసి, కాసేపు ఖాళీ ట్రేలో మట్టి అటూ ఇటూ కలిపి, మళ్లీ ఫోన్ తీసి రాశారు. "ధన్యవాదాలు మేడమ్."

నలభై ఏళ్లు వదినా అని పిలిచిన మనిషిని మేడమ్ అనడానికి ఎంత సంస్కారం కావాలి? ఆవిడ మాత్రం తక్కువ తిందా? ఆ రోజునుంచి ఆవిడ ఆయన్ని పేరు పెట్టి గానీ, వరస పెట్టి గానీ పిలవలేదు. ప్రతి మెసేజీ "సభ్యులు గమనించగలరు" అని మొదలెట్టేది. నాలుగు వందల పన్నెండు మందీ గమనించారు. గమనించాల్సినవాడు కూడా గమనించాడు.

రెండోసారి పోసిన నారు నిలబడింది. నాలుగైదు ఆకులొచ్చాక, "సాయంత్రం పూట నాటాలి. నాటిన నాలుగు రోజులు మధ్యాహ్నం ఎండ తగలకుండా ఏదైనా కప్పాలి" అని మేడమ్ రాసింది. మర్నాడు మధ్యాహ్నం చూస్తే పదహారు బ్యాగుల మీదా టైలరు దగ్గర మిగిలిన లైనింగ్ గుడ్డలు పదహారు రంగుల్లో కప్పి ఉన్నాయి.

అన్నీ అంత సాఫీగా సాగాయని కాదు. ఒకరోజు మేడమ్ ఇలా రాసింది. "సభ్యులు గమనించగలరు. కొందరు డాబా మీద గొట్టం వదిలేసి ఫోన్ చూసుకుంటారు. కింద ఆరేసిన బట్టలు తడుస్తాయి. మొక్కలకి కూడా మంచిది కాదు."

"మేడమ్ గారు ఎవరి గురించి చెబుతున్నారో తెలుపగలరు," అని కండక్టర్ గారు అడిగారు.

"తడిపినవారికి తెలుసు."

దాని మీద గ్రూపులో రెండు రోజులు చర్చ నడిచింది. తమ కింది వాటాలవాళ్ల గురించి జనం కడుపులో ఉన్నదంతా కక్కారు. ఒకాయన నీరు పల్లమెందుకు పోతుందో సైన్సు ప్రకారం వివరించాడు. మూడోరోజు పొద్దున్న కండక్టర్ గారు గొట్టం మానేసి మగ్గుతో పోయడం మొదలుపెట్టారు. గ్రూపులో ఆ సంగతి ఆయన చెప్పలేదు. "సభ్యులకి కృతజ్ఞతలు. బట్టలు ఆరాయి," అని మేడమ్ రాసింది. ఎవరి బట్టలని ఎవరూ అడగలేదు. పద్నాలుగు మంది బొటనవేలు చూపించారు.

పేనుబంక పట్టినప్పుడు సబ్బు నీళ్లు ఎంత పలచగా కలపాలో చెప్పింది. ఆకుల అడుగున పచ్చపురుగు గుడ్లు ఎక్కడుంటాయో, పొద్దున్నే ఎలా నలిపేయాలో చెప్పింది. ఇద్దరూ రోజుకి ఐదారు మాటలు ఇచ్చి పుచ్చుకునేవారు. కండక్టర్ గారు పొద్దున్న డాబా ఎక్కగానే ముందు గ్రూపు చూసేవారు, తర్వాత మొక్కల్ని చూసేవారు. నిమ్మచెట్టు బొమ్మ కనపడితే ఆ పూట ఆయన నడక వేరుగా ఉండేదని టైలరు చెప్పింది.

మాటల్లేని ఒక కుటుంబాన్ని ఇంత మర్యాదగా కలిపి ఉంచింది ఎవరు? గ్రూపే కదా. పదకొండు మెట్లు దిగే శ్రమ తప్పించింది ఎవరు? గ్రూపే. క్షమాపణ అనే పెద్ద బరువుని సబ్బు నీళ్లలో కరిగించి, చెంచా చెంచాగా పంచిపెట్టింది కూడా గ్రూపే. ఇన్ని మేళ్లు చేసినదాన్ని న్యూసెన్స్ అంటే కళ్లు పోతాయి.

ఇలా ఉండగా పువ్వు పడింది. ఏడో నంబరు మొక్క నడుమ, ఆకుల మధ్య బటన్ అంత తెల్లగా కనపడింది. వారంలో పదహారిట్లో పదమూడు పువ్వేశాయి. కండక్టర్ గారు పదమూడింటికీ విడివిడిగా ఫొటోలు తీసి గ్రూపులో పెట్టారు. సరిగ్గా ఆ మర్నాడు గ్రూపులో యుద్ధం వచ్చింది.

ఒక సభ్యుడు బండి చక్రమంత క్యాబేజీ ఫొటో పెట్టి తనదన్నాడు. ఇంకొకాయన అది విత్తనాల ప్యాకెట్ మీద బొమ్మ అని పట్టుకున్నాడు. ప్యాకెట్ కత్తిరించిన గీత కూడా కనపడుతోందన్నాడు. గ్రూపు రెండు ముక్కలైంది. ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు కూడా విప్పారు. సాయంత్రానికి పళ్ల డాక్టరు విసిగిపోయి, ఇకమీదట అడ్మిన్ తప్ప ఎవరూ ఏమీ పంపడానికి వీల్లేకుండా తాళం వేసేశారు. నోరు తెరిపించడమూ, మూయించడమూ ఆయనకి రోజూ ఉన్న పనే.

మొదటిరోజు కండక్టర్ గారు పెద్దగా పట్టించుకోలేదు. రెండోరోజు పువ్వుల అంచులు లేత పసుపు తిరుగుతున్నట్టు అనిపించింది. అడగడానికి దారి లేదు. మూడోరోజు అడగాలన్న సంగతి కూడా పక్కకి పోయింది. డాబా మీదనుంచి వంగి చూస్తే వదినగారి వంటింటి కిటికీ మూసి ఉంది. ఏడింటికల్లా తెరుచుకునే కిటికీ తొమ్మిదైనా తెరుచుకోలేదు. ఆవిడ బాగున్నదీ లేనిదీ ఇన్నాళ్లూ తనకి గ్రూపులోనే తెలిసేదని, ఆ గ్రూపు మూతపడితే కింది పోర్షన్ వేరే ఊరైపోయిందని ఆయనకి అప్పుడు తట్టింది.

మిషన్ దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"మా వదిన కిటికీ తెరవలేదు."

టైలరు తల ఎత్తలేదు. "అయితే వెళ్లి చూడండి."

"నువ్వోసారి..."

"నాకు చెయ్యి ఖాళీ లేదు."

ఆవిడ చేతిలో ఉన్నది ఒక చొక్కా గుండీ. అయినా ఆయన వాదించలేదు. మెట్లు దిగారు. తలుపు కొట్టబోయి, రుమాలుతో మొహం తుడుచుకుని, మళ్లీ చెయ్యెత్తారు.

వదినగారే తీసింది. ఒక చేతిలో కళ్లజోడు, ఇంకో చేతిలో ఫోన్. మనిషి నిక్షేపంలా ఉంది.

"వదినా," అన్నారు కండక్టర్ గారు. "కిటికీ తెరవలేదు నువ్వు."

"పొద్దున్నించీ దీంతో కుస్తీ పడుతున్నా. ఇంక వంటింట్లోకి ఎక్కడ పోను," అంది ఆవిడ, నిన్ననే మాట్లాడినట్టు. "ఫోన్ పాడైపోయింది. గ్రూపులో రాసే చోటు కనపడట్లేదు."

"పాడవలేదు. డాక్టరు గ్రూపు మూసేశాడు."

"ఎన్నాళ్లు?"

"చెప్పలేదు."

ఆవిడ ఫోన్ బల్ల మీద పెట్టి, పక్కనున్న కాగితం తీసి అందించింది. మర్చిపోతానేమోనని రెండ్రోజుల కిందటే రాసి పెట్టుకుందట. వార్డులో డ్యూటీ మారేటప్పుడు రాసే అక్షరాల్లా నిటారుగా ఉన్నాయి. "సభ్యులు గమనించగలరు. పువ్వు కోడిగుడ్డంత కాగానే చుట్టూ ఉన్న పెద్ద ఆకులు దగ్గరికి చేర్చి, వదులుగా కట్టాలి. లేకపోతే ఎండకి పసుపెక్కుతుంది. ఆలస్యం చేయొద్దు."

కండక్టర్ గారు కాగితం రెండుసార్లు చదివారు. తల దించుకునే మాట్లాడారు.

"నిమ్మచెట్టు నిన్నడక్కుండా కొట్టించాను. తప్పు చేశాను వదినా."

ఆవిడ కుర్చీ వెనక పట్టుకుని నిలబడింది. "నీడ పడుతోందన్నావు."

"నీడ లేదు, పాకుడూ లేదు. అన్నయ్య రోజూ ఆ చెట్టు దగ్గర నిలబడి పళ్లు తోముకునేవాడు. నేను డ్యూటీకి దిగుతుంటే టిఫిన్ బాక్స్ తీసుకున్నావా అని అడిగేవాడు. నాకు యాభై దాటినా అడిగేవాడు. ఆయన పోయాక మెట్లు దిగిన ప్రతిసారీ చెట్టు ఉండేది, ఆయన ఉండేవాడు కాదు. చూడలేకపోయాను. అది నీకు చెప్పడానికి సిగ్గేసింది."

బయట కుళాయి చుక్క చుక్కగా పడుతోంది.

"నువ్వు చూడలేక కొట్టించావు," అంది వదినగారు. "నేను చూడ్డానికే కదయ్యా ఉంచుకున్నాను."

కుర్చీ ముందుకి జరిపి, "కూర్చో" అంది. ఆయన కూర్చున్నారు. ఆవిడ కాఫీ పెట్టలేదు, కళ్లు తుడుచుకోలేదు. కళ్లజోడు పెట్టుకుని, "ఎన్ని పసుపెక్కాయి?" అని అడిగింది.

"నాలుగు."

"మిగతావి దక్కుతాయి. పద."

మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని పదకొండు మెట్లూ ఎక్కింది. టైలరు చొక్కా గుండీ పక్కన పడేసి, గుడ్డముక్కలు సన్నగా చించి ఇచ్చింది. ముగ్గురూ డాబా మీద వంగి, మధ్యాహ్నం అయ్యేలోపు పదమూడు పువ్వులకీ ఆకులు చేర్చి కట్టారు. నంబర్లు చూసి వదినగారు, "ఇవేంటి?" అంది. కండక్టర్ గారు చెప్పారు. ఆవిడ నవ్వలేదు గానీ, ట్యాంకు దగ్గరి నాలుగింటినీ తనే కట్టింది.

తొమ్మిది పువ్వులు తెల్లగా వచ్చాయి. పసుపెక్కిన నాలుగూ రుచిలో ఏం తేడా లేదని టైలరు అంది. అంతా సర్దుకుపోయిందని మాత్రం నేను చెప్పను. మొద్దు వంక చూసిన రోజున వదినగారు ఇప్పటికీ ముభావంగానే ఉంటుందట. అలాంటి రోజున కండక్టర్ గారు కింద కూర్చుని, ఏమీ మాట్లాడకుండా పేపరు చదివి పైకి పోతారట. అది కూడా ఒక రకం మాటే అని ఆయన ఉద్దేశం.

పదో రోజున పళ్ల డాక్టరు గ్రూపు తెరిచారు. నాలుగు వందల పది మంది శుభోదయం చెప్పుకున్నారు. మిగతా ఇద్దరూ ఆ తర్వాత ఒక్క మెసేజీ పెట్టలేదు. నెల తిరిగాక పన్నెండో నియమం ప్రకారం, మొక్కల మీద ఆసక్తి కోల్పోయిన నిష్క్రియ సభ్యులుగా ఇద్దర్నీ తొలగించారు. ఇరవై ఏడు మంది విచారం వెలిబుచ్చారు.

ఈ సంగతంతా తెలిశాక గ్రూపుల మీద నా గౌరవం రెట్టింపైంది. గ్రూపు తెరిచి ఉన్నప్పుడు ఎంత మేలు చేస్తుందో ముందే చెప్పాను. మూసి ఉన్న ఆ తొమ్మిది రోజుల్లో చేసిన మేలు దానికి పదింతలు. కాబట్టి ప్రతి నెలా ఒక వారం గ్రూపుకి తాళం వేయాలని పళ్ల డాక్టరుగారికి విన్నవించుకున్నాను. ఆయన మంచి ఆలోచనే అన్నారు. అయితే సభ్యుల అభిప్రాయం తీసుకోవాలి కదా అని గ్రూపులో చర్చకి పెట్టారు.

మూడు వారాలుగా చర్చ జరుగుతోంది. ఇప్పటికి రెండు వందల అరవై మెసేజీలొచ్చాయి. నా ప్రతిపాదనకి గట్టిగా మద్దతిచ్చినవాళ్లలో మా పక్కింటాయన కూడా ఉన్నాడని నాకు గ్రూపులోనే తెలిసింది. ఆయనకి కృతజ్ఞతగా వెంటనే ఒక దణ్ణం బొమ్మ పంపాను.